సన్‌ఫ్లవర్ మానేసి కొబ్బరి నూనెకి మారాలా? ముందు నాన్నగారి రిపోర్టు చూద్దాం

మీ ప్రశ్నని క్లుప్తంగా మళ్ళీ రాస్తాను, నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకు తెలుస్తుంది. నాన్నగారికి 58 ఏళ్ళు. షుగర్ లేదు, బీపీకి ఒక మాత్ర వేసుకుంటారు. మొన్న చేయించిన పరీక్షలో టోటల్ కొలెస్ట్రాల్ 242, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 158, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 36, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో తిరిగే కొవ్వు) 240. డాక్టరుగారు స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర) రాశారు, ఆయన ఇంకా మొదలుపెట్టలేదు. ఇంట్లో వాడేది సన్‌ఫ్లవర్ నూనె. రిఫైన్డ్ నూనెలు విషమని, గానుగ కొబ్బరి నూనె వాడితే రక్తనాళాలు శుభ్రపడతాయని వీడియోల్లో చూసి అమ్మగారు ఐదు లీటర్లు తెప్పించేశారు. మారాలా వద్దా, పనిలో పనిగా ఆవకాయ కూడా మానేయాలా అన్నది మీ సందేహం.

కొబ్బరి నూనెకి మారకండి. వేరుశనగ, నువ్వులు, రైస్ బ్రాన్, సన్‌ఫ్లవర్, వీటిలో మీ ఇంటి రుచికి పడే రెండు తీసుకుని మార్చి మార్చి వాడండి. గానుగదైనా రిఫైన్డ్‌దైనా ఈ రిపోర్టుకి పెద్ద తేడా రాదు. మనిషికి రోజుకి 20 నుంచి 25 గ్రాములు దాటకుండా చూడండి. దీనివల్ల ఎల్‌డీఎల్ కొంత దిగుతుంది కానీ స్టాటిన్ మాత్ర దింపినంత దిగదు. ఇక 240 ఉన్న ట్రైగ్లిజరైడ్లు కంచంలో అన్నానికి సంబంధించిన సంగతి. ఏ నూనె డబ్బా మార్చినా అవి పెద్దగా కదలవు.

నేను పంతొమ్మిదేళ్ళుగా డైటీషియన్‌ని. మొదటి ఎనిమిదేళ్ళు గుంటూరులో ఒక ఆసుపత్రి గుండె జబ్బుల వార్డులో పనిచేశాను, తర్వాత సొంతంగా చూస్తున్నాను. మాత్ర వేయాలా వద్దా అన్నది డాక్టరుగారి నిర్ణయం, అందులో నేను వేలు పెట్టను.

నూనె రిపోర్టులో ఏ అంకెని కదుపుతుందో ముందు చూద్దాం. మన కాలేయం కణాల మీద ఎల్‌డీఎల్‌ని పట్టుకుని లోపలికి లాక్కునే గ్రాహకాలు ఉంటాయి. వీటి మీద చేసిన పనికే బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలకి 1985లో నోబెల్ వచ్చింది. తిండిలో సంతృప్త కొవ్వు (శాచురేటెడ్ ఫ్యాట్, నెయ్యి, కొబ్బరి నూనెల్లో ఎక్కువగా ఉండేది) ఎక్కువైతే ఈ గ్రాహకాల పని మందగిస్తుంది, ఎల్‌డీఎల్ రక్తంలోనే తిరుగుతూ ఉండిపోతుంది. దాని స్థానంలో అసంతృప్త కొవ్వు (సన్‌ఫ్లవర్, వేరుశనగ లాంటి నూనెల్లో ఎక్కువగా ఉండేది) వస్తే గ్రాహకాలు మళ్ళీ పుంజుకుంటాయి. స్టాటిన్ కూడా చివరికి చేసేది ఈ గ్రాహకాలను పెంచడమే. అందుకే మాత్ర వేసుకుంటూ కొబ్బరి నూనె తాగేవాళ్ళని చూస్తే, ఒకపక్క నీళ్ళు తోడిపోస్తూ ఇంకోపక్క తూము తెరిచి పెట్టినట్టు ఉంటుంది నాకు.

ఎంత కదులుతుంది? దశాబ్దాలుగా మనుషుల తిండి మార్చి చూసిన పరీక్షలన్నీ కలిపి వేసిన లెక్క ఒకటుంది. రోజంతా తినే కేలరీల్లో ఒక శాతం సంతృప్త కొవ్వు తీసేసి, ఆ స్థానంలో సన్‌ఫ్లవర్ లాంటి నూనెల్లో ఉండే కొవ్వు పెడితే ఎల్‌డీఎల్ సుమారు 2 పాయింట్లు తగ్గుతుంది. రెండు వేల కేలరీలు తినే మనిషికి ఒక శాతమంటే రెండు గ్రాముల పైచిలుకు కొవ్వు. చిన్న అంకెలాగే కనిపిస్తుంది, కొబ్బరి నూనె దగ్గరికి వచ్చేసరికి పెద్దదవుతుంది.

30 గ్రాముల కొబ్బరి నూనెలో దాదాపు 25 గ్రాములు సంతృప్త కొవ్వే. అంతే సన్‌ఫ్లవర్‌లో మూడు గ్రాముల పైచిలుకు, నువ్వుల నూనెలో నాలుగు, వేరుశనగలో ఐదు, రైస్ బ్రాన్‌లో ఆరు, పామాయిల్‌లో పదిహేను. రోజు మొత్తం మీద సంతృప్త కొవ్వు కేలరీల్లో పది శాతం లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, అంటే రెండు వేల కేలరీలకి 22 గ్రాములు. పాలు, పెరుగు, నెయ్యి, మాంసం లెక్కలోకి రాకముందే కొబ్బరి నూనె ఆ కోటా దాటించేస్తోంది.

2020లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ పత్రికలో 16 పరీక్షలను కలిపి చూసిన విశ్లేషణ వచ్చింది. మామూలు వంటనూనెలతో పోలిస్తే కొబ్బరి నూనె వాడినవాళ్ళలో ఎల్‌డీఎల్ సగటున 10 పాయింట్లు, హెచ్‌డీఎల్ 4 పాయింట్లు పెరిగాయి. "చూశారా, మంచి కొలెస్ట్రాల్ పెరిగింది కదా" అంటారు వీడియోల్లో. హెచ్‌డీఎల్ పెంచే మందులు తయారుచేసి పెద్ద పెద్ద పరీక్షలు చేశారండి. హెచ్‌డీఎల్ బాగానే పెరిగింది, గుండెపోట్లు మాత్రం ఆశించినట్టు తగ్గలేదు. అందుకే ఎల్‌డీఎల్ పెరిగిన నష్టాన్ని హెచ్‌డీఎల్ లాభంతో చెల్లు వేయడం కుదరదు.

2018 ప్రాంతంలో మన రెండు రాష్ట్రాల్లో కొబ్బరి నూనె తాగే డైట్ ఎలా ఊపేసిందో మీకు గుర్తుండే ఉంటుంది. అప్పుడు నా దగ్గరికి ఒక బట్టల షాపు యజమాని వచ్చారు. అన్నం పూర్తిగా మానేసి, రోజుకి 70 గ్రాములు కొబ్బరి నూనె తీసుకుని మూడు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గారు. ట్రైగ్లిజరైడ్లు 310 నుంచి 130కి వచ్చాయి. మనిషి హుషారుగా ఉన్నాడు, రిపోర్టు నా టేబుల్ మీద పెట్టి "మీ డైటీషియన్లకి ఇంక పని లేదు మేడం" అన్నారు. ఎల్‌డీఎల్ గడిలో మునుపు 128 ఉన్న చోట ఇప్పుడు 196 ఉంది. ఆ గడి ఆయన చూడనే లేదు.

ఆయన్ని తిట్టడానికి నాకు మనసు రాలేదు, ఎందుకంటే సగం పని ఆయన నిజంగానే సాధించారు. అన్నం, స్వీట్లు తగ్గించడం వల్ల వచ్చిన లాభం నిజం. దాన్ని అలాగే ఉంచి, కొబ్బరి నూనె మాత్రం తీసేసి వేరుశనగ, నువ్వుల నూనెలు కొలిచి ఇచ్చాను. గుప్పెడు పల్లీలు, బాదం కలిపాను. రెండు నెలలకి ఎల్‌డీఎల్ 141. ట్రైగ్లిజరైడ్లు 145 దగ్గర నిలిచాయి. నూనె ఒక అంకెనీ, అన్నం ఇంకో అంకెనీ కదుపుతాయని నాకు పుస్తకం కంటే బాగా నేర్పింది ఆయన రిపోర్టే.

(పచ్చి కొబ్బరి సంగతి వేరు. పచ్చడిలోనో కూరలోనో పడే గుప్పెడు కొబ్బరిలో పీచు ఉంటుంది, పరిమాణమూ తక్కువ. కోనసీమ వాళ్ళు కొబ్బరి ఎంత తిన్నా వంటకి కొబ్బరి నూనె పోయరు, అది తలకే.)

ఇప్పుడు "రిఫైన్డ్ విషం" అన్న మాట దగ్గరికి వద్దాం. రిఫైన్ చేసినప్పుడు రంగు, వాసన, కొంత విటమిన్ ఇ, కొన్ని మొక్కల రసాయనాలు పోతాయి, నిజమే. కానీ ఎల్‌డీఎల్‌ని నడిపే కొవ్వు ఆమ్లాల పాళ్ళు దాదాపు అలాగే ఉంటాయి. గానుగలో ఆడించినంత మాత్రాన కొబ్బరి నూనెలోని సంతృప్త కొవ్వు తగ్గదు, రిఫైన్ చేసినంత మాత్రాన సన్‌ఫ్లవర్‌లో పెరగదు. నాకు గానుగ వేరుశనగ నూనె రుచి ఇష్టం, మా ఇంట్లో అదే. దాన్ని రుచి కోసం కొంటాను, మందులా కాదు.

గానుగ నూనె కొనేటప్పుడు రెండు విషయాలు చూసుకోండి. లీటరు వేరుశనగ నూనె రావాలంటే ఇంచుమించు రెండున్నర కిలోల గింజలు కావాలి. మీ ఊళ్ళో గింజల ధరని రెండున్నరతో గుణించి చూడండి. అంతకంటే బాగా చవగ్గా అమ్ముతున్నారంటే అందులో ఇంకేదో కలిసిందని అర్థం. రెండోది బూజు. బూజు పట్టిన పల్లీల్లో అఫ్లటాక్సిన్ అనే విషం ఉంటుంది. రిఫైనింగ్‌లో అది చాలావరకు పోతుంది, గానుగ నూనెలో అలాగే వచ్చేస్తుంది. ఆడించేవాడి దగ్గర గింజలు చూసి మరీ కొనండి.

సన్‌ఫ్లవర్ లాంటి విత్తనాల నూనెల్లోని ఒమేగా-6 ఒంట్లో వాపు పెంచుతుందన్న భయం కూడా మీరు రాశారు. మనుషుల మీద చేసిన పరీక్షల్లో లినోలిక్ ఆమ్లం (ఈ నూనెల్లోని ఒమేగా-6 కొవ్వు) పెంచినప్పుడు సీఆర్‌పీ లాంటి వాపు సూచికలు పెరగలేదు. అయినా ఈ వాదనకి బలమైన ఆధారం ఒకటుంది, దాన్ని దాచడం నాకు ఇష్టం లేదు. 1968 నుంచి 1973 దాకా అమెరికాలోని మిన్నెసోటాలో, మానసిక వైద్యశాలల్లోనూ ఒక వృద్ధుల ఆశ్రమంలోనూ ఉన్న తొమ్మిది వేల మందికి పైగా మనుషుల మీద పరీక్ష చేశారు. ఒక వర్గానికి సంతృప్త కొవ్వు తీసేసి మొక్కజొన్న నూనె పెట్టారు. కొలెస్ట్రాల్ దాదాపు 14 శాతం తగ్గింది, మరణాలు మాత్రం తగ్గలేదు. ఆ పాత వివరాలు తవ్వి తీసి 2016లో మళ్ళీ ప్రచురించారు. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో గుండెపోటు వచ్చిన మగవాళ్ళకి కుసుమ నూనె, దానితో చేసిన మార్గరిన్ (వెన్నకి బదులు వాడేది) పెడితే మరణాలు పెరిగాయి కూడా.

మరి నేనెందుకు ఈ నూనెలే చెబుతున్నాను? మిన్నెసోటాలో చాలామంది మధ్యలోనే డిశ్చార్జి అయి వెళ్ళిపోయారు, ఏడాది కూడా ఆ తిండి తినని వాళ్ళే ఎక్కువ. గుండె నాళాల్లో పూడిక దశాబ్దాల వ్యవహారం. సిడ్నీ మార్గరిన్‌లో ట్రాన్స్ ఫ్యాట్ (నూనెని గట్టి కొవ్వుగా మార్చేటప్పుడు పుట్టే చెడ్డ కొవ్వు) ఉండి ఉండొచ్చన్నది చాలామంది అనుమానం. లాస్ ఏంజెలెస్‌లో మాజీ సైనికుల మీద ఎనిమిదేళ్ళ దాకా నడిపిన పరీక్షలో సోయా, మొక్కజొన్న, కుసుమ నూనెలు వాడారు, అక్కడ గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గాయి. అలా ఎక్కువ కాలం, కట్టుదిట్టంగా నడిచిన పరీక్షల్ని కలిపి 2017లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ దాదాపు 30 శాతం తగ్గుదల కనిపించిందని చెప్పింది. నా మటుకు నేను వీటి నుంచి తీసుకున్నది ఇంతే: అసంతృప్త నూనె సంతృప్త కొవ్వు స్థానంలోకి వస్తే మేలు, దాని మీద అదనంగా పోస్తే కాదు. ఒకే నూనెని పట్టుకుని వేలాడక్కర్లేదు కూడా. రకరకాల నూనెలు మార్చి వాడమని, మొత్తం తగ్గించమని హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పేదీ అదే.

ఈ "అదనంగా" అన్న తప్పు నా చేతి మీదుగానే జరిగింది. ప్రాక్టీసు కొత్తలో ఒక కుటుంబానికి రైస్ బ్రాన్ నూనె గురించి ఓ పావుగంట గొప్పగా చెప్పాను. ఒరైజనాల్ ఉంటుంది, మొక్కల స్టెరాల్స్ ఉంటాయి, పేగులో కొలెస్ట్రాల్ ఒంటికి పట్టకుండా అడ్డుపడతాయి అని. అవన్నీ నిజమే, పరీక్షల్లో అది ఎల్‌డీఎల్‌ని సుమారు 7 పాయింట్లు తగ్గిస్తుంది. కొలత మాత్రం చెప్పలేదు. గుండెకి మంచి నూనె కదా అని ఆ ఇంట్లో బెండకాయ వేపుడు నూనెలో తేలింది, ఆదివారం పూరీలు కాస్తా బుధవారం కూడా వచ్చాయి. మూడు నెలలకి ఎల్‌డీఎల్ 9 తగ్గింది, బరువు మూడు కిలోలు పెరిగింది, ట్రైగ్లిజరైడ్లు కూడా ఎక్కాయి. అప్పటి నుంచి నూనె పేరు కంటే ముందు కొలత అడుగుతాను.

అడగడానికి నా దగ్గర ఒకే ప్రశ్న ఉంది: ఐదు లీటర్ల క్యాన్ మీ ఇంట్లో ఎన్ని రోజులు వస్తుంది? రోజుకి ఎంత వాడతారంటే ఎవరూ నిజం చెప్పలేరు, అందరూ "మేం తక్కువేనండి" అంటారు. క్యాన్ అబద్ధం ఆడదు. నలుగురికి ఇరవై రోజులు వస్తోందనుకోండి. లీటరు నూనె 910 గ్రాములు, ఐదు లీటర్లు 4,550. మనిషికి రోజుకి 57 గ్రాములు, అంటే 500 కేలరీలు పైనే. బయట తిన్నది ఇందులో లేదు. అదే క్యాన్ యాభై రోజులు వచ్చేలా చేస్తే 23 గ్రాములకి వస్తారు. క్యాన్ తెరిచిన రోజు తేదీ దాని మీద మార్కర్‌తో రాయమని అమ్మగారికి చెప్పండి. సీసాలోంచి నేరుగా మూకుట్లో ఒంపడం మానేసి చెంచాతో వేస్తే మొదటి నెలలోనే మూడో వంతు తగ్గిన ఇళ్ళు చూశాను.

తగ్గించిన నూనె స్థానంలో ఏం వస్తుందన్నది ఇంకో మెలిక. కూరలో నూనె తగ్గి రుచి తగ్గిందని అన్నం, పెరుగన్నం పెరిగితే ట్రైగ్లిజరైడ్లు పైకి, హెచ్‌డీఎల్ కిందికి పోతాయి. ఒంటికి అక్కర్లేని పిండిపదార్థాన్ని కాలేయం కొవ్వుగా మార్చి రక్తంలోకి వదులుతుంది, అదే ట్రైగ్లిజరైడ్ల రూపంలో రిపోర్టులో కనబడుతుంది. "నాన్న పెద్దగా ఏమీ తినరు, మూడు పూటలా అన్నమే, రాత్రి పెరుగన్నంలో అరటిపండు" అని రాశారు చూడండి, మీ ప్రశ్నలో నాకు నూనె కంటే ముందు ఆ వాక్యమే కనబడింది. రాత్రి అన్నం బదులు రెండు పుల్కాలు, కప్పు పప్పు, కప్పు కూర పెట్టండి. మధ్యాహ్నం అన్నం సగానికి తగ్గించి కూర రెట్టింపు చేయండి. టీలో చక్కెర, సాయంత్రం బిస్కెట్లు, మందు అలవాటు ఉంటే అదీ లెక్కలోకి వస్తుంది. ఈ మార్పు వారాల్లోనే రిపోర్టులో తెలుస్తుంది.

మీ రిపోర్టులో ఇంకో చిన్న లెక్క. చాలా ల్యాబుల్లో ఎల్‌డీఎల్‌ని నేరుగా కొలవరు, లెక్క కడతారు. టోటల్ 242 లోంచి హెచ్‌డీఎల్ 36, ట్రైగ్లిజరైడ్లలో ఐదో వంతు 48 తీసేయండి, సరిగ్గా 158. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా ఉన్నప్పుడు ఈ లెక్క ఎల్‌డీఎల్‌ని కాస్త తక్కువ చేసి చూపిస్తుంది. అందుకని టోటల్‌లోంచి హెచ్‌డీఎల్ మాత్రమే తీసేసిన అంకె చూడండి, నాన్నగారిది 206. వచ్చేసారి పరీక్ష చేయించినప్పుడు ఆ అంకె తగ్గిందా లేదా అన్నదే నేను ముందు చూస్తాను.

బయటి తిండిలో నూనె మన చేతిలో ఉండదు. టిఫిన్ బండ్లలో, మిక్చరు ప్యాకెట్లలో ఎక్కువగా పామాయిలే, చవక కాబట్టి. ఇతర నూనెలతో పోలిస్తే అది ఎల్‌డీఎల్‌ని సుమారు 9 పాయింట్లు పెంచుతుందని పరీక్షలు చెబుతున్నాయి. మన ఏలూరు, ఖమ్మం వైపు రైతులు పండించే పంట కాబట్టి దాన్ని తిట్టిపోయడం నాకు సరదా కాదు, కానీ 158 ఎల్‌డీఎల్ ఉన్న మనిషికి రోజువారీ నూనెగా సిఫారసు చేయలేను. దానికంటే పెద్ద దొంగ వనస్పతి. అందులోని ట్రాన్స్ ఫ్యాట్ ఎల్‌డీఎల్‌ని పెంచి, హెచ్‌డీఎల్‌ని తగ్గిస్తుంది, రెండు వైపులా దెబ్బ. 2022 జనవరి నుంచి నూనెల్లో, వనస్పతిలో ట్రాన్స్ ఫ్యాట్ 2 శాతం దాటకూడదని మన దేశంలో నిబంధన ఉంది, పరిస్థితి మునుపటికంటే మెరుగు. అయినా బేకరీ పఫ్ పొరలు పొరలుగా రావాలంటే గట్టి కొవ్వు ఉండాల్సిందే, ట్రాన్స్ పోయినా సంతృప్తం మిగులుతుంది. పునుగుల బండి దగ్గర నల్లబడిన నూనె గురించి వేరే చెప్పక్కర్లేదు. ఇంట్లో కూడా పండగకి గారెలు, జంతికలు వేయించిన నూనె ఉంటే వడగట్టి ఒకటి రెండు రోజుల్లో తాలింపులకి వాడేయండి, మళ్ళీ మళ్ళీ కాచకండి.

ఆలివ్ నూనె మంచిదే, స్పెయిన్‌లో పెద్ద పరీక్ష కూడా ఉంది. కానీ ఆ ధర పెట్టి పప్పు తాలింపు వేయక్కర్లేదు, అదే డబ్బుతో బాదం, అక్రోట్లు కొనండి. మనం వాడే నూనెల్లో ఒమేగా-3 దాదాపు ఉండదు కాబట్టి చెంచా అవిసె గింజల పొడి అన్నంలో కలపండి, చేపలు తింటే వారానికి రెండుసార్లు వేపుడు కాకుండా పులుసు పెట్టండి.

మాత్ర సంగతి. నూనె, సంతృప్త కొవ్వు మార్పులతో బాగా పాటించినవాళ్ళకి 10 నుంచి 20 పాయింట్లు తగ్గడం చూశాను. మధ్యస్థ మోతాదు స్టాటిన్ 30 శాతానికి పైగా తగ్గిస్తుంది, అంటే 158కి దాదాపు 50 పాయింట్లు. ఇది చేసి అది మానేద్దాం అనుకోకండి. మొదలుపెట్టకపోవడానికి భయం ఉంటే అదే డాక్టరుగారిని కూర్చుని అడగండి.

ఇంకో రెండు పరీక్షలు కూడా ఆయనతోనే మాట్లాడండి. ఒకటి థైరాయిడ్. ఒకావిడ ఏడాదిపాటు నూనెలు మార్చి మార్చి విసిగిపోయి వచ్చింది, ఎల్‌డీఎల్ 190 దగ్గరే ఉంది. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) చేయిస్తే బాగా ఎక్కువ. థైరాయిడ్ మాత్ర మొదలయ్యాక కొలెస్ట్రాల్ దానంతటదే దిగింది, ఏడాదిపాటు నూనెని అనవసరంగా అనుమానించారు. రెండోది లైపోప్రొటీన్-ఎ (రక్తంలో ఎల్‌డీఎల్ లాంటి ఒక రకం కణం), జీవితంలో ఒకసారి చేయిస్తే చాలు. అది వంశంలో వచ్చేది, ఏ నూనెకీ లొంగదు. మీ ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవాళ్ళు ఉంటే తప్పక చేయించండి.

మార్పులు మొదలుపెట్టిన ఆరు నుంచి ఎనిమిది వారాలకి, అదే ల్యాబులో, పరగడుపున మళ్ళీ లిపిడ్ ప్రొఫైల్ చేయించండి. ఏ మార్పూ లేకపోయినా ఎల్‌డీఎల్ రోజు రోజుకీ కాస్త అటూ ఇటూ ఊగుతుంది, కాబట్టి ఐదారు పాయింట్లు తగ్గితే సంబరపడొద్దు, పెరిగితే టెన్షన్ పడొద్దు.

తెప్పించిన ఐదు లీటర్ల కొబ్బరి నూనె పారేయక్కర్లేదు, ఏడాదిపాటు తలకి పనికొస్తుంది. ఆవకాయ విషయానికొస్తే, అందులో పోసేది ఎలాగూ నువ్వుల నూనే కదా, నూనె పరంగా దాంతో పేచీ లేదు. నాన్నగారికి బీపీ ఉంది కాబట్టి నా భయం అందులోని ఉప్పు గురించి. జాడీ పైన తేలే నూనె పక్కకి జరిపి, ఒక్క ముక్క, అదీ మధ్యాహ్నం ఒక్క పూటే వేయండి. ముద్దపప్పులో ఒక చెంచా నెయ్యి కూడా ఉండనివ్వండి, మూడు గ్రాముల సంతృప్త కొవ్వు కోసం ఆయనతో గొడవ పెట్టుకుంటే అన్నం తగ్గించమన్న మాట ఆయన అసలు వినరు.